మ్యాటీ, పీకే టీషర్టుల మీద వినైల్ అంచులు లేస్తుంటే వేడి కాదు, ఒత్తిడి చూడండి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఒక కోచింగ్ సెంటర్‌కి 40 కాలర్ టీషర్టులు, నేవీ బ్లూ మ్యాటీ గుడ్డ. ఎడమ ఛాతీ మీద తెల్ల వినైల్‌తో, అంటే వేడికి గుడ్డకి అంటుకునే ప్లాస్టిక్ పొరతో, నాలుగంగుళాల లోగో, దాని కింద తెలుగులో సంస్థ పేరు. హీట్ ప్రెస్ మెషీన్‌తో 150 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కొట్టారు. మెషీన్ మీంచి తీసినప్పుడు బాగానే ఉంది. రెండు ఉతుకులయ్యేసరికి సన్న అక్షరాల అంచులు లేచాయి, లోగో మధ్యలో చిన్న చిన్న బుడగలు కనిపించాయి. అదే రోల్‌లోని వినైల్ మామూలు రౌండ్ నెక్ టీషర్టు మీద మాత్రం గట్టిగా నిలబడింది. 170కి పెంచితే సరిపోతుందా అని మీ ప్రశ్న.

పెంచకండి. మీ సమస్య వేడిది కాదు. 150 డిగ్రీలు, 15 సెకన్లు అనేది మామూలు పీయూ (పాలీయురేథేన్) వినైల్‌కి సరైన లెక్కే. సైజర్ కంపెనీ వాళ్లు తమ ఈజీవీడ్ అనే వినైల్‌కి ఇచ్చే కొలత కూడా దాదాపు ఇదే. రౌండ్ నెక్ మీద నిలబడిందంటే మీ వినైల్‌లో జిగురు బాగుంది, అది కరుగుతోంది కూడా. తేడా అంతా గుడ్డలో ఉంది.

రౌండ్ నెక్ టీషర్టుకి వాడే సింగిల్ జెర్సీ నున్నగా ఉంటుంది. పీకే, మ్యాటీ, హనీకూంబ్ లాంటివి అల్లేటప్పుడే కొన్ని కుట్లను పట్టి ఆపి ఎత్తుపల్లాలు పుట్టిస్తారు. గాలి ఆడటానికి, ఒంటికి అతుక్కోకుండా ఉండటానికి ఆ గుంతలు కావాలి. మనకి ఇబ్బంది కూడా అక్కడే. వినైల్ వెనక ఉన్న జిగురు పొర కరిగినా అది ఎత్తుగా ఉన్న చోట్లనే తాకుతుంది, గుంతల మీద వంతెనలా నిలిచిపోతుంది. పైకి చూస్తే అంతా అంటినట్టే ఉంటుంది గానీ, నిజంగా అంటింది సగం కూడా ఉండకపోవచ్చు. ఉతికినప్పుడు నీళ్లు, సబ్బు ఆ గుంతల్లోంచి వినైల్ కిందికి దూరతాయి. గుడ్డ సాగుతుంది, ముడుచుకుంటుంది, అంచు లేస్తుంది. వెడల్పాటి లోగో మధ్యలో గాలి చిక్కుకుని బుడగవుతుంది. సన్న గీతకి పట్టు దొరికే చోట్లే తక్కువ కాబట్టి అది ముందు పోతుంది.

170కి పెంచితే జిగురు మరీ పలచబడి గుడ్డ లోపలికి ఇంకిపోతుంది, వినైల్‌ని పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు. తెల్ల వినైల్ కొంచెం పసుపు తిరుగుతుంది, అంచులు ముడుచుకుంటాయి. ఇక మీ గుడ్డలో పాలిస్టర్ ఉంటే నేవీ రంగు తెల్ల వినైల్‌లోకి ఎక్కి నీలిఛాయ వస్తుంది. దాని సంగతి కింద చెబుతాను.

కాబట్టి చేయాల్సింది, కరిగిన జిగురుని ఆ గుంతల్లోకి నెట్టడం. అది ఒత్తిడి చేసే పని.

కాలర్ టీషర్టులో ఒత్తిడిని దొంగిలించేవి కొన్ని ఉంటాయి. గుండీల పట్టీ, గుండీలు, కాలర్, భుజం కుట్టు. ఎడమ ఛాతీ లోగో సరిగ్గా వీటి పక్కనే వస్తుంది. టీషర్టు మొత్తాన్ని ప్లేటు మీద పరిచి మూస్తే పై ప్లేటు ముందు గుండీల పట్టీ మీద ఆగుతుంది, పక్కనున్న లోగోకి బరువు పూర్తిగా అందదు. ఒత్తిడి పెంచే నాబ్ ఎంత బిగించినా గుండీలు పగులుతాయి తప్ప లోగో అంటదు. దీనికి మంచి ఉపాయం, లోగో కంటే చుట్టూ అరంగుళం పెద్దగా ఉండే దిండు ఒకటి లోగో కింద టీషర్టు లోపల పెట్టడం. ప్రెస్సింగ్ పిల్లో అని అమ్ముతారు, లోపల ఫోమ్ ఉండి పైన టెఫ్లాన్ గుడ్డ ఉంటుంది. అది దొరక్కపోతే వేడి తట్టుకునే సిలికాన్ షీట్‌ని అదే కొలతకి రెండు మూడు పొరలుగా కోసుకోండి. లోగో భాగం పైకి లేస్తుంది, గుండీలూ కుట్లూ కిందికి జారిపోతాయి. ప్లేటు నేరుగా లోగోనే నొక్కుతుంది.

దిండు వల్ల ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మామూలు ప్లేటు 38 సెంటీమీటర్లు పొడవు, అంతే వెడల్పు అనుకోండి. దాని వైశాల్యం సుమారు 1440 చదరపు సెంటీమీటర్లు. మీ దిండు 12 సెంటీమీటర్ల చదరమైతే 144. అదే బలం పదోవంతు చోటు మీద పడితే ఒత్తిడి దాదాపు పది రెట్లు. అందుకే దిండు పెట్టాక నాబ్ కొంచెం వదులు చేసి మొదలుపెట్టండి, లేకపోతే గుడ్డ మీద దిండు అంచు గుర్తు పడుతుంది. న్యూమాటిక్, అంటే గాలి ఒత్తిడితో నడిచే మెషీన్ ఉన్నవాళ్లు గేజ్ మీద 40 కనిపిస్తే గుడ్డ మీద కూడా 40 పడుతుందనుకుంటారు. గేజ్ చూపించేది సిలిండర్‌లోని గాలి ఒత్తిడి. గుడ్డ మీద పడేది సిలిండర్ సైజునీ, కింద ఎంత చోటు తగులుతోందనేదాన్నీ బట్టి మారుతుంది.

ప్లేటు సమంగా మూసుకుంటోందా లేదా అన్నది ఒకసారి చూసుకోండి. మెషీన్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు మూలలా నాలుగు కాగితం ముక్కలు సగం బయటికి ఉండేలా పెట్టి మూయండి. ఒక్కొక్కటీ లాగండి. ఒక మూల కాగితం జారి వచ్చేస్తుంటే అక్కడ ఒత్తిడి లేదు. మొసలి నోరులా తెరుచుకునే క్లామ్‌షెల్ మెషీన్లలో మందమైన గుడ్డ పెడితే వెనక, అంటే బిజాగిరీ వైపు ముందు నొక్కుకుంటుంది, ముందువైపు వదులుగా ఉంటుంది. వాటిలో లోగోని ప్లేటు నడిమధ్యలో పెట్టాలి. పక్కకి తిరిగే స్వింగ్ మెషీన్లలో ఈ గొడవ తక్కువ.

ఇక తడి. ఇది మీ బుడగలకి అసలు కారణం కావచ్చు. కాటన్ గుడ్డ చేతికి పొడిగానే తగిలినా మామూలు వాతావరణంలో దాని బరువులో 8 శాతం వరకు నీటి తేమ పట్టుకుని ఉంటుంది. 200 జీఎస్ఎం గుడ్డ, అంటే చదరపు మీటరుకి 200 గ్రాములు తూగేది అయితే, అందులో 16 గ్రాముల నీళ్లు. కోస్తాలో వానాకాలం ఇంకా ఎక్కువే. వినైల్ పెట్టి మూసినప్పుడు ఆ నీళ్లు ఆవిరై బయటికి దారిలేక జిగురు కింద ఉబ్బుతాయి. అందుకే వినైల్ పెట్టకముందు ఖాళీ టీషర్టుని 5 నుంచి 8 సెకన్లు నొక్కి, తెరిచి, ఆవిరి పోయాక మళ్లీ ఒకసారి నొక్కండి. తెరిచి వదలడం ముఖ్యం, మూసి ఉంచితే ఆవిరి గుడ్డలోనే తిరుగుతుంది. ఇలా చేస్తే మ్యాటీ గరుకు కూడా కాసేపు అణుగుతుంది. గుడ్డ మళ్లీ ఉబ్బేలోపే వినైల్ పెట్టేయండి. పది టీషర్టులు ముందే నొక్కి పక్కన పేర్చుకుని తర్వాత ఒక్కొక్కటీ కొడితే ఈ లాభం పోతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది రెండో నొక్కుడు గురించి. వినైల్ మీద ఉండే పారదర్శక షీటు బిరుసుగా ఉంటుంది. అది ఉన్నంతసేపు వినైల్‌ని బల్లపరుపుగా పట్టి ఉంచుతుంది, గుంతల్లోకి వంగనివ్వదు. మొదటిసారి 10 నుంచి 12 సెకన్లు కొట్టి, షీటు తీసేసి, పైన బటర్ పేపరో మామూలు గోధుమరంగు క్రాఫ్ట్ పేపరో వేసి మరో 5 నుంచి 8 సెకన్లు నొక్కండి. ఇప్పుడు వినైల్‌కి ఆసరా లేదు కాబట్టి గుడ్డ నేతలోకి దిగుతుంది. తీసి చూస్తే వినైల్ మీద మ్యాటీ గళ్లు లీలగా కనపడాలి. అవి కనపడితే అంటినట్టు. ఇంకా అద్దంలా నున్నగా ఉందంటే గుంతల మీద వంతెన అలాగే ఉంది. కాటన్ అయితే టీషర్టుని లోపలి వైపుకి తిప్పి వెనక నుంచి కూడా 5 సెకన్లు కొట్టవచ్చు, అప్పుడు వేడి గుడ్డలోంచి వెళ్లి జిగురుని గుడ్డ వైపు నుంచే కరిగిస్తుంది.

షీటు తీసే పద్ధతి గురించి ఒక్క మాట. ప్యాకెట్ మీద హాట్ పీల్, అంటే వేడిగానే షీటు తీయవచ్చు అని ఉన్నా గరుకు గుడ్డ మీద కొన్ని సెకన్లు ఆగి గోరువెచ్చగా అయ్యాక తీయడం మేలు. నిలువుగా పైకి లాగొద్దు. షీటుని వెనక్కి మడిచి గుడ్డకి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా అక్షరం షీటుతోపాటు లేస్తుంటే ఆపి, షీటు మళ్లీ పరిచి, ఇంకో 5 సెకన్లు నొక్కండి.

వినైల్ ఎంపికకి వస్తే, మార్కెట్లో చవగ్గా దొరికే వాటిలో చాలావరకు పీవీసీ. మందంగా, బిరుసుగా ఉంటుంది. గరుకు గుడ్డ మీద వంగదు, కొన్నాళ్లకి పగులుతుంది. 80, 90 మైక్రాన్ల మందం ఉండే పీయూ వినైల్ తీసుకోండి, లేదా ఇంకా పలచగా సాగే స్ట్రెచ్ రకం. రోల్‌కి కొన్ని వందలు ఎక్కువైనా, తిరిగొచ్చిన ఒక్క ఆర్డర్ నష్టం ముందు అది లెక్కలోకి రాదు. గుంతలు మరీ లోతుగా ఉంటే నా సలహా తిరగబడుతుంది. అక్కడ పలచటి వినైల్ పనికిరాదు. జిగురు పొర బాగా మందంగా ఉండే ఫ్లాక్ రకం మేలు. పైన మఖమల్‌లా ఉంటుంది, గరుకుని పూర్తిగా కప్పేస్తుంది. సన్న అక్షరాలకి మాత్రం అది కుదరదు.

మీ లోగో కింద తెలుగు అక్షరాలు ఉన్నాయన్నారు. ఇంగ్లీషు పేర్లు కొట్టి అలవాటైనవాళ్లు తెలుగు దగ్గర దెబ్బతినేది ఇక్కడే. మన లిపిలో అక్షరానికి ఆనకుండా విడిగా నిలిచే ముక్కలు ఎక్కువ. కింద వత్తులు, కొన్ని అక్షరాల పైన తలకట్టు, పక్కన సున్నా. ఇవి చిన్నవి, సన్నవి. గరుకు గుడ్డ మీద ఒక వత్తుకి నిజంగా దొరికే పట్టు రెండు మూడు గళ్ల మీదే. ‘విద్య’ అని కొడితే రెండు ఉతుకుల తర్వాత ‘విద’ మిగులుతుంది, చదివేవాళ్లకి అది ఇంకో మాట. అందుకని మ్యాటీ మీద ఏ గీత కూడా 2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదని పెట్టుకోండి. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్ తీసుకోండి. లేదా మీకు నచ్చిన ఫాంట్‌కే చుట్టూ 0.3 మిల్లీమీటర్ ఆఫ్‌సెట్ ఇచ్చి లావు చేయండి. వత్తుని తల్లి అక్షరానికి కాస్త జరిపి కలిపేయండి, చదవడానికి ఇబ్బంది రాదు. ఫాంట్‌ని కర్వులుగా మార్చాక వెల్డ్ చేయడం, అంటే ఆకారాలన్నిటినీ ఒక్కటిగా కలపడం మర్చిపోవద్దు. చాలా తెలుగు ఫాంట్లలో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద కనపడదు గానీ కట్టర్ ఆ గీతలన్నీ కోసేస్తుంది, అక్షరం ముక్కలుముక్కలుగా అంటుతుంది. పదునైన మూలల్ని కొంచెం గుండ్రం చేయండి, ఉతుకులో గోరు తగిలి లేచేది ఆ మూలే. పేరు మరీ పొడవైతే ఒక పట్టీలాంటి ఆకారం కోసి, దాంట్లో అక్షరాలు గుడ్డ రంగులో కనపడేలా ఖాళీగా వదిలేయండి. విడి ముక్కలంటూ ఉండవు కాబట్టి ఉతుకులో పోవడానికి ఏమీ ఉండదు. మ్యాటీ మీద తెలుగు పేరు రాయాల్సి వస్తే నేను మొదట చెప్పేది ఈ పద్ధతే.

ఇప్పుడు మీ గుడ్డ ఏమిటో తేల్చుకోవాలి. మ్యాటీ అన్న పేరు అల్లికకి సంబంధించింది, నూలుకి కాదు. కాటన్ మ్యాటీ ఉంది, పాలీకాటన్ ఉంది, పూర్తి పాలిస్టర్ కూడా ఉంది. లోపలి కుట్టు దగ్గర మిగిలిన పోగు ఒకటి లాగి జాగ్రత్తగా కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే కాటన్. కరిగి గట్టి నల్ల పూసలా ముద్దకడితే పాలిస్టర్. రెండూ కలిసి వస్తే పాలీకాటన్.

పాలిస్టర్ అయితే లెక్కలు మారతాయి. క్రికెట్, కబడ్డీ టీములకి వాడే డాట్ నిట్ జెర్సీలది కూడా ఇదే కథ. పాలిస్టర్‌కి వేసే రంగు వేడికి ఆవిరై కదులుతుంది. ఎరుపు, మెరూన్, నేవీ మీద తెల్ల వినైల్ కొడితే అప్పటికప్పుడు కాకపోయినా కొన్ని రోజుల్లో గులాబీగానో నీలిగానో మారుతుంది. వీటికి 130 డిగ్రీల దగ్గరే అంటుకునే తక్కువ వేడి వినైల్ తీసుకోవాలి. ముదురు రంగు మీద తెలుపు కొట్టాలంటే వెనక బూడిదరంగు అడ్డుపొర ఉండే బ్లాకర్ రకం తీసుకోవాలి. ఎక్కువ వేడి పెడితే ప్లేటు ఆనిన మేర గుడ్డ మీద నిగనిగలాడే చదరపు మచ్చ పడుతుంది, ఉతికినా పోదు. ఇక్కడ కూడా దిండే కాపాడుతుంది, ఎందుకంటే లోగో చుట్టుపక్కల తప్ప ప్లేటు ఎక్కడా గట్టిగా ఆనదు. పాలిస్టర్‌లో తేమ అర శాతం కూడా ఉండదు కాబట్టి ముందు నొక్కుడు రెండు మూడు సెకన్లు చాలు.

మీ మెషీన్ 150 అని చూపిస్తే నిజంగా 150 ఉందని కూడా నమ్మొద్దు. డిస్‌ప్లే చూపించేది సెన్సర్ ఉన్న ఒక్క చోటి వేడి. ప్లేటు అంచుల దగ్గర అంతకంటే తక్కువే ఉంటుంది, చవక మెషీన్లలో తేడా ఇంకా ఎక్కువ. ప్లేటుని తాకించి కొలిచే థర్మామీటర్‌తో మధ్యలో, నాలుగు మూలల్లో ఒకసారి చూసి, తేడాలు మెషీన్ పక్కనే రాసి అంటించుకోండి.

మరో మూడు రకాల గుడ్డల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికి ఈ పని వచ్చాక అవి కూడా వస్తాయి. వాఫిల్ నేత, టర్కీ తువ్వాలు, కార్డురాయ్ లాంటి వాటి మీద వినైల్ ఒప్పుకోకండి. అక్కడ ఎంబ్రాయిడరీయే మర్యాద. పక్కటెముకల్లా గీతలుండే రిబ్ గుడ్డ మీద కొట్టవచ్చు గానీ స్ట్రెచ్ వినైల్ తప్పనిసరి. వేసుకుంటే గుడ్డ విప్పారుతుంది, మామూలు వినైల్ దాంతోపాటు సాగలేక చీలుతుంది. మూడోది చేనేత. మంగళగిరి కాటన్, పొందూరు ఖద్దరు చొక్కాల మీద సంస్థ పేరు కావాలని అడిగేవాళ్లుంటారు. కొత్త చేనేత గుడ్డలో గంజి ఉంటుంది. వినైల్ గుడ్డకి కాకుండా గంజికి అంటుకుంటుంది, మొదటి ఉతుకులో గంజితోపాటు పోతుంది. ముందు నీళ్లలో నానబెట్టి ఉతికి ఆరేశాకే కొట్టాలి. అయితే నా మనసులో మాట చెబుతాను. చేత్తో నేసిన గుడ్డ మీద ప్లాస్టిక్ పొర వేయొద్దు. పాకెట్ మీద చిన్నగా దారంతో కుట్టించమని చెప్పండి. గుడ్డకీ గౌరవం, వేసుకున్నవాళ్లకీ హాయి.

గంజి లాంటిదే మరొకటి మిల్లు టీషర్టుల్లో ఉంటుంది. చేతికి మెత్తగా తగలాలని చివర్లో సిలికాన్ సాఫ్ట్‌నర్ పట్టిస్తారు. కొత్త టీషర్టు మీద నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే జిగురుకి కూడా పట్టు దొరకదు, ఒకసారి ఉతకాల్సిందే. చుక్క ఇంకిపోతే మంచిదే గానీ, అంతమాత్రాన సాఫ్ట్‌నర్ లేదని కాదు. కొన్ని రకాలు నీటిని పీల్చుకుంటాయి. అందుకే ప్రతి కొత్త లాట్‌కి ఒక పీస్ బలిపెట్టాల్సిందే. కస్టమర్‌తో ముందే మాట్లాడుకుని ఒక టీషర్టు అదనంగా తెప్పించండి. దాని మీద కొట్టి, 24 గంటలు ఆగి, అయిదుసార్లు వాళ్లింట్లో ఉతికినట్టే ఉతకండి. మెషీన్లో కాదు, బ్రష్ వేసి, బండ మీద బాది, ఎండలో ఆరేసి. మన దగ్గర టీషర్టుకి జరిగేది అదే కదా. తర్వాత అంచుని గోరుతో గీకి, గుడ్డని అటూ ఇటూ లాగి చూడండి.

ఇస్త్రీ విషయం మాత్రం కస్టమర్‌కి నోటితో కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గుల పెట్టెకి డిగ్రీల లెక్క ఉండదు. నేరుగా లోగో మీద పెడితే వినైల్ కరిగి పెట్టెకి అంటుకుంటుంది, ఇస్త్రీ చేసే ఆయన పెట్టె పాడవుతుంది, తర్వాత వచ్చే చొక్కాలకీ మరక. ‘లోపలి వైపు తిప్పి ఇస్త్రీ చేయండి, బొమ్మ మీద పెట్టొద్దు’ అని తెలుగులో చిన్న చీటీ మెడ దగ్గర పిన్ను పెట్టి ఇస్తే సరిపోతుంది. ఉతికేటప్పుడు కూడా తిరగేసి, చల్లటి నీళ్లలో, బ్లీచింగ్ లేకుండా అని అందులోనే రాయండి.

ఇప్పుడు మీ 40 టీషర్టుల సంగతి. అంచులు కొద్దిగా లేచి, అక్షరాలన్నీ ఇంకా ఉన్నవాటిని కాపాడవచ్చు. లేచిన అంచు కింద సబ్బు పేరుకుని ఉంటుంది కాబట్టి సబ్బు లేకుండా మంచినీళ్లలో రెండుసార్లు జాడించి పూర్తిగా ఆరనివ్వండి. దిండు పెట్టి, ఖాళీగా కాకుండా బటర్ పేపర్ వేసి 3 సెకన్లు తేలిగ్గా నొక్కి ఆవిరి పోనివ్వండి. బుడగలు ఉన్నచోట సన్న సూదితో ఒక్క పోటు పొడిచి, 150 దగ్గరే 12 సెకన్లు గట్టిగా కొట్టండి. చల్లారాక ఆ పేపర్ తీయండి. చాలావరకు కూర్చుంటాయి, కొత్తవాటంత గట్టిగా ఉంటాయని మాత్రం మాట ఇవ్వకండి.

వత్తులు రాలిపోయినవాటికి కొత్త ముక్క అతికించే ప్రయత్నం వద్దు, రంగు ఛాయ కలవదు, వంకర కనిపిస్తుంది. పేరు ఉన్న చోటు మాత్రమే వేడి చేసి, వేడిగా ఉండగానే లాగేయండి. మిగిలిన జిగురు గుర్తులు వినైల్ రిమూవర్‌తో కొంత పోతాయి, పూర్తిగా పోవు. రిమూవర్ వాడితే ఆ చోటు ఉతికి ఆరబెట్టాకే ముందుకెళ్లండి. పైన చెప్పిన పట్టీ ఆకారం ఆ మచ్చల్ని కప్పేంత పెద్దగా కోసి దాని మీద కొట్టండి. అన్నీ ఒకేలా ఉండాలి కాబట్టి 40కి 40 ఈ పట్టీకే మార్చేయడం మంచిదని నా అభిప్రాయం. వినైల్ ఖర్చు మీదే అవుతుంది, కానీ కోచింగ్ సెంటర్ వాళ్లు వచ్చే ఏడాది కూడా పిల్లలకి టీషర్టులు వేయించాలి.

ముందు ఒక్కదాని మీద చేసి, ఉతికి, ఆరాక మిగతావి ముట్టుకోండి. పోగు కాలిస్తే ఏమైందో నాకు చెప్పండి. పాలిస్టర్ అని తేలితే పైన చెప్పిన 150 మీకు వర్తించదు. మీ రోల్ మీద రాసి ఉన్న వేడికి తక్కువ హద్దు ఎంతో కూడా చూసి రాయండి, దాన్నిబట్టి ఎంత పెట్టాలో చెబుతాను.